వెనక వస్తున్నారు

బ్యాంకులో ప్రమోషన్ ఇచ్చి నన్ను బూర్గంపాడుకు వేసినప్పుడు ఆ ఊరు ఎక్కడుందో మా ఆఫీసులో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. మేనేజరు గోడకున్న మ్యాపు ముందు నిలబడి, వేలితో గోదావరి వెంట పైకీ కిందికీ వెతికి, "ఇదిగో, భద్రాచలానికి ఎదురుగా. పుణ్యక్షేత్రం పక్కనే, అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. మాది అనంతపురం. రైళ్ళు మారి కొత్తగూడెంలో దిగి, అక్కడ బస్సెక్కి, అడవి మధ్య నుంచి వెళ్తూ ఉంటే, ఒకే రాష్ట్రంలో ఇంత దూరం ఉంటుందా అనిపించింది.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతోంది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నాన్న పోయినప్పటి నుంచి ఇల్లు నా జీతం మీద నడిచింది. చెల్లెలి పెళ్ళి, తమ్ముడి చదువు, వాడి ఉద్యోగం, వాడి పెళ్ళి ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. నా పెళ్ళి గురించి మాట్లాడేవాళ్ళు మొదట తగ్గారు, తర్వాత మానేశారు. తమ్ముడు కట్టుకున్న కొత్త ఇంట్లో మేడ మీద నాకొక గది ఇచ్చారు. ప్రమోషన్ వద్దని రాసిస్తే ఆ గదిలోనే ఉండిపోవచ్చు. తీసుకుంటానని చెప్పిన రోజు ఎవరైనా వద్దంటారేమోనని భోజనాల దగ్గర కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను. మరదలు పెరుగు వడ్డిస్తూ, "ఆ పక్క చలి ఎక్కువంట వదినా, స్వెట్టరు పెట్టుకో" అంది. అంతే.

బూర్గంపాడులో నాకు దొరికిన ఇల్లు రెండు తరాల కింద కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న ఒక రైతు కుటుంబానిది. వెనక వైపు రెండు గదులు నాకిచ్చారు. ఇంటావిడ మంచిదే. కాకపోతే ఆమెకు నేను అర్థమయ్యేదాన్ని కాదు. "మీవాళ్ళు ఎప్పుడొస్తారండీ?" అని మొదటి వారం అడిగింది. "రారండీ" అంటే, "పండక్కి వస్తారులెండి" అని నన్నే ఓదార్చింది.

పనిరోజులు ఎలాగో గడిచేవి. పంట రుణాల కోసం వచ్చే రైతులు, పింఛన్ల కోసం వచ్చే ముసలివాళ్ళు, పొద్దంతా ఎవరో ఒకరు ఎదురుగా ఉండేవాళ్ళు. వాళ్ళ మాట నాకు మొదట సగమే అందేది. నా మాట విని మా అటెండరు నవ్వు ఆపుకునేవాడు. ఆదివారాలతోనే కష్టం. బట్టలుతికి, వంట చేసి, తిని, గిన్నెలు కడిగి చూస్తే ఇంకా పొద్దు నడినెత్తికి వచ్చేది కాదు. సాయంత్రం వరకు ఏం చేయాలో తెలియక కొత్త చీరలు మడత విప్పి మళ్ళీ మడత పెట్టేదాన్ని.

అట్లాంటి ఒక ఆదివారం, డిసెంబరులో, పొద్దున్నే లేచి తలస్నానం చేసి, గుళ్ళోకి వెళ్ళేవాళ్ళలా కాకుండా ఊరు చూడటానికి వెళ్ళేవాళ్ళలా తయారయ్యాను. అంటే, పూలూ పళ్ళూ లేవు. భుజానికి సంచీ, అందులో నీళ్ళ సీసా, ఒక తువ్వాలు. నదికి అవతల ఉన్న భద్రాచలాన్ని చూడ్డానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తుంటారు. నేను మూడు నెలలుగా ఇవతలే ఉండి చూడలేదు.

ఇంటావిడ ముగ్గు వేస్తూ తలెత్తింది. "మొక్కుందాండీ?"

"లేదండీ. ఊరికే చూసొద్దామని."

"ఊరికేనా? ఒక్కరేనా?"

ఆ రెండు ప్రశ్నల్లో ఏది ఎక్కువ ఆశ్చర్యంగా అడిగిందో చెప్పలేను.

ఆటోలో నా పక్కన కూర్చున్న ఆమె కూడా అదే అడిగింది. ఒళ్ళో ఆకుకూరల గంప పెట్టుకుని ఉంది. నా సంచీ చూసి, నా చీర చూసి, "గుడికా అమ్మా? సారు రాలే?" అంది.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఆ మాట. "వెనక వస్తున్నారు."

ముందు అనుకుని అన్నది కాదు. అన్నాక నాకే వింతగా ఉంది. ఆమె మాత్రం తృప్తిపడింది. "అవ్, మగోళ్ళు జల్దీ తయారుకారు" అని గంప సర్దుకుంది. ఇంకేమీ అడగలేదు. ఇంత చిన్న మాటతో ఇంత నెమ్మది దొరుకుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

వంతెన మొదట్లోనే దిగిపోయాను. నడిచి దాటాలనిపించింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నది మధ్యకు వచ్చేసరికి రెండు ఒడ్లూ మసకగా ఉన్నాయి, కింద నీళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మా వైపు నది అంటే ఇసుక. వంతెన మీద నుంచి చూస్తే గొర్రెలు నడుస్తుంటాయి, లారీలు నింపుకుంటుంటారు. నీళ్ళు వస్తే ఆ సంవత్సరం చెప్పుకుంటారు. ఇక్కడ చలికాలంలో, తగ్గిపోయిందని అందరూ అంటున్న నది, నా కంటికి ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా కదులుతోంది. రైలింగు పట్టుకుని చాలాసేపు చూశాను. పక్కన ఎవరైనా ఉంటే "ఎన్ని నీళ్ళో చూడు" అనేదాన్ని. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. లారీ ఒకటి హారన్ కొడుతూ పోతే వంతెన నా కాళ్ళ కింద చిన్నగా వణికింది. నడవడం మొదలుపెట్టాను.

గుట్ట మీద గుడిలో రద్దీ అంతగా లేదు. అర్చన టికెట్ తీసుకున్నాను, తీసుకోకపోతే బాగుండదేమోనని. పూజారి పెద్దాయన, బొంగురు గొంతు. గోత్రం అడిగాడు, చెప్పాను. పేరు అడిగాడు, చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తలాడిస్తూ, "ఊఁ, ఇంకా?" అన్నాడు.

"అంతేనండీ."

కళ్ళు తెరిచాడు. నా వెనక చూశాడు. నా వెనక ఒక పెద్ద కుటుంబం ఉంది, అప్పటికే పేర్లు వరసపెట్టుకుంటోంది. తమ్ముడి పేరూ, మరదలి పేరూ, వాళ్ళ పిల్లల పేర్లూ గబగబా చెప్పాను. ఆయన ఊరట పడ్డట్టు అందరి పేర్లూ చదివి, చివర "సహకుటుంబానాం" అని గట్టిగా సాగదీశాడు. శఠారి నా ఒక్కదాని తల మీద పెట్టాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే కింద ఊరు, ఊరి వెనక నది, నది వెనక నల్లగా చెట్లు. ఎండ అప్పుడే వేడెక్కుతోంది. బాగుంది. బాగుందని నాలో నేను ఒకసారి అనుకున్నాను కూడా.

మెట్లు దిగాక టిఫిన్ హోటల్లోకి వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గరున్నతను, "ఎంతమంది మేడం?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఫ్యామిలీ రూమ్ అని రాసి ఉన్న వైపు చెయ్యి చూపించాడు. చెక్కతో కట్టిన చిన్న గది, నాలుగు కుర్చీలు, ముందు ఒక తెర. సర్వరు నాలుగు గ్లాసుల నీళ్ళు తెచ్చి పెట్టాడు. ఇడ్లీ తింటూ ఉంటే తెర బయట జనం మాటలు, పిల్లల ఏడుపులు, పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు. లోపల నేనూ, నాలుగు గ్లాసులూ. "మీవాళ్ళు వచ్చినంక మిగిలిన ఆర్డర్ తీసుకోమంటరా?" అన్నాడు సర్వరు మళ్ళీ వచ్చి. "వెనక వస్తున్నారు, వాళ్ళు వచ్చేలోపు నేను తినేస్తాను" అన్నాను. ఈసారి నాలుక తడబడలేదు. బిల్లు కట్టి, అతను అటు తిరగ్గానే బయటపడ్డాను.

ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ ఇంటికెళ్తే మళ్ళీ ఆ రెండు గదులు. బస్టాండులో పర్ణశాల బస్సు నిలబడి ఉంది. ఎక్కేశాను.

కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటాక కొంత దూరం మిరపతోటలు, తర్వాత టేకు చెట్లు, మధ్యమధ్య ఎడమ చేతి వైపు నది తొంగిచూసేది. ప్రతి గూడెం దగ్గరా బస్సు ఆగింది. మూటలతో, కట్టెలతో, ఒక చోట రెండు కోళ్ళతో ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో వాళ్ళు తెలుగు కాని మాట మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఎవరో ఒకామె ఏదో అనగానే అందరూ నవ్వితే నాకూ నవ్వొచ్చింది. నా ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి ఇంకా నవ్వింది. ఆ కొద్దిసేపూ నేను వాళ్ళలో ఒకదాన్నయినట్టు ఉంది. వాళ్ళంతా ఒకే స్టాపులో దిగిపోయారు. బస్సు సగం ఖాళీ అయింది.

పర్ణశాలలో చూడాల్సినవి చిన్నవే. గుడి, ఆకుల పాక, పాక చుట్టూ రంగులు వేసిన బొమ్మలు: బంగారు లేడి, సన్యాసి వేషం, భిక్ష తెచ్చే అమ్మవారు. ఆ కథ తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు, అయినా ఒకతను కర్రతో చూపిస్తూ యాత్రికుల గుంపుకు మొదటి నుంచి చెప్తున్నాడు. నేను ఆ గుంపు చివర నిలబడి విన్నాను. వాళ్ళు నడిస్తే నడిచాను, వాళ్ళు దండం పెడితే పెట్టాను. గుంపులో ఒక పెద్దామె తన వాళ్ళకు కొబ్బరి ముక్కలు పంచుతూ నా చేతిలోనూ ఒకటి పెట్టి, పెట్టాక మొహం చూసి, "అరే, మనోళ్ళు గాదు" అనుకుంది. వెనక్కి అడగలేదు. నవ్వి ముందుకు పోయింది. కొబ్బరి ముక్క చేతిలో పట్టుకుని నేను ఆ గుంపు వెంట వెళ్ళడం మానేశాను.

నది వైపు దిగే దారిలో మెడలో కెమెరా వేసుకున్న ఫోటోగ్రాఫరు వెంటపడ్డాడు. "ఫోటో మేడం, పడవ దగ్గర మంచిగొస్తది. జల్దీ కడిగి ఇంటికి పోస్టుల పంపిస్తం."

"వద్దు."

"మీవాళ్ళు ఏడున్నరు? అందరు కలిసి దిగుండ్రి."

"వెనక వస్తున్నారు" అన్నాను.

"అయితే వచ్చినంకనే తీద్దాం" అని అతను పడవల రేవు దాకా నాతోపాటే వచ్చాడు.

రేవులో మోటారు బిగించిన పడవ ఒకటి మనుషుల్ని ఎక్కించుకుంటోంది. నదిలో కొంత దూరం తీసుకెళ్ళి, ఇసుక తిన్నె మీద కాసేపు దింపి, మళ్ళీ తీసుకొస్తాడట. నేను ఎప్పుడూ పడవ ఎక్కలేదు. ఎక్కి, అంచు మీద చెక్క పట్టుకుని కూర్చున్నాను. పడవ నిండింది. పడవతను, నడివయసు మనిషి, తల పాగా బిగించుకుని తాడు విప్పబోతుంటే ఒడ్డు మీద నుంచి ఫోటోగ్రాఫరు కేకేశాడు.

"ఏయ్, జర ఆగు! మేడమోళ్ళు ఇంక రావాలె. వెనక వస్తున్నరు."

పడవతను తాడు వదిలేసి నా వైపు చూశాడు. "ఎంతమంది మేడం?"

ఎవరూ లేరని చెప్పడానికి అదే సమయం. చెప్పలేకపోయాను. అతను దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని, "మంచిది, ఆగుతం తీయ్, ఆడమనిషిని ఒక్కదాన్ని తీస్కపోతే వాళ్ళు పరేషానైతరు" అని కూర్చున్నాడు. నా పక్కవాళ్ళను జరిపి ఇద్దరు పట్టేంత చోటు కూడా చేశాడు. చెక్క మీద ఆ ఖాళీ నా పక్కనే ఉంది.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. పిల్లలు గునుస్తున్నారు. "ఏందయ్యా, ఎంతసేపు?" అన్నారు ఎవరో. "వస్తరు, వస్తరు" అన్నాడు పడవతను. అతను మంచివాడు కావడమే నా ప్రాణం మీదికి వచ్చింది. కసురుకుని ఉంటే ఎలాగో తప్పించుకునేదాన్ని. ఫోటోగ్రాఫరు గుడి వైపు పోయి, దారిలో కనిపించిన ప్రతి మగమనిషినీ "మీరేనా సార్, మేడం పడవల ఎదురుచూస్తుంది" అని అడగడం నాకు వినిపిస్తోంది. ఒకాయన కాదని చెయ్యి ఊపాడు. ఇంకొకాయన నవ్వాడు. పడవలో ఉన్నవాళ్ళందరూ ఇప్పుడు ఒడ్డునే చూస్తున్నారు, నా వాళ్ళు ఎప్పుడు దిగివస్తారా అని. వాళ్ళతోపాటు నేనూ చూస్తున్నాను. ఒక క్షణం, నిజంగానే ఎవరో రావాల్సి ఉందనీ, దారిలో ఆలస్యమైందనీ నాకే అనిపించింది.

"ఎవరూ రారు" అన్నాను.

పిల్లల గోలలో ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ అన్నాను. "ఎవరూ రారండీ. నేనొక్కదాన్నే వచ్చాను. పోనివ్వండి."

పడవంతా నా వైపు తిరిగింది. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కనిపించింది. పడవతను లేచి తాడు విప్పి, గడకర్రతో ఒడ్డును తోశాడు. మోటారు అందుకుంది. దాని చప్పుడులో ఎవరేమనుకున్నారో నాకు వినిపించకపోవడం ఆ రోజు దేవుడు చేసిన మేలు.

నా ఎదురుగా కూర్చున్న ముసలామె మాత్రం నన్నే చూస్తోంది. చేతికి వెండి కడియాలు, నోట్లో ఆకువక్క. ఆమె లేచి, పడవ ఊగుతున్నా లెక్కచేయకుండా, నా పక్కన ఖాళీగా ఉంచిన చోట్లోకి వచ్చి కూర్చుంది.

"నీ దిక్కు నీడుంది, నా దిక్కు ఎండ కొడుతుంది" అంది. తర్వాత, "ఏ ఊరు బిడ్డా నీది? మాట వేరేగుంది."

"అనంతపురం."

"గది ఏడుంది?"

"చాలా దూరం."

"నౌకరా?"

"అవునమ్మా, బ్యాంకులో. బూర్గంపాడు."

"పెండ్లి?"

"కాలేదు."

"ఎందుకు కాలే?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. అందరూ చుట్టూ తిప్పి అడిగేవాళ్ళు, లేదా నేను లేనప్పుడు అడిగేవాళ్ళు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒక సంబంధం కుదరడం, నెలలోపు నాన్న పోవడం, ఏడాది ఆగుదామని వాళ్ళు అనడం, ఏడాది తర్వాత చెల్లెలిది ముందు చేద్దామని మేమనడం. వాళ్ళు ఆగలేదు. ఆ తర్వాత తమ్ముడి చదువు. ఆ తర్వాత వయసు. మోటారు చప్పుడు మీదుగా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నా కథను నేను అరిచి చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె జాలిపడలేదు. నీళ్ళలోకి వక్క ఉమ్మి, "మరి గా పిలగాడేమైండు?" అని అడిగింది.

"ఎవరు?"

"కుదిరినాయన."

"తెలీదమ్మా. పెళ్ళి చేసుకునుంటాడు. పిల్లలుంటారు."

"మంచిగున్నడా?"

"చూడ్డానికా? బాగానే ఉండేవాడు."

"అయ్యో" అంది ఆమె, మనస్ఫూర్తిగా. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలికి అన్నట్టు తువ్వాలుతో తుడుచుకున్నాను.

వాళ్ళది సత్తుపల్లి వైపు ఒక పల్లె. కొడుకూ కోడలితో, వాళ్ళ పిల్లలతో కిరాయి జీపులో వచ్చారు. కొడుకు పొలం పక్కన బొగ్గు తవ్వుతున్నారనీ, తమ పొలం కూడా పోతుందో ఉంటుందో తెలియక, దేవుడికి చెప్పుకోవడానికి వచ్చామనీ ఆమె చెప్పింది. "దేవుడేమన్నాడు?" అన్నాను. "ఏమంటడు? ఇన్నడు" అంది.

ఇసుక తిన్నె మీద దిగాక ఆమె నన్ను వదల్లేదు. నీళ్ళ పక్కన దుప్పటి పరిచి వాళ్ళు గిన్నెలు విప్పారు. పులిహోర, పెరుగన్నం, వేయించిన మిరపకాయలు. "కూసో" అని నా చెయ్యి పట్టి లాగింది. కోడలు నా వైపు చూసి, అత్త వైపు చూసి, ఆకు ఒకటి తీసి నా ముందు వేసింది. "మేడంగారికి మన తిండి పడతదో లేదో" అంది మర్యాదగా. పడింది. పొద్దున ఆ తెర వెనక తిన్నదాని రుచి ఏమిటో నాకు గుర్తులేదు. ఈ పులిహోర పులుపు మాత్రం ఇప్పటికీ చెప్పగలను. కొడుకు తక్కువ మాటల మనిషి. బ్యాంకు అనగానే పంట రుణం గురించి ఒకటి రెండు అడిగాడు, చెప్పాను. ముసలామె మధ్యలో కలగజేసుకుని, "ఆదివారం గూడ ఆఫీసేనారా? తిననియ్యి" అని కసిరింది. వాళ్ళ పిల్ల ఒకతి నా సంచీలో నీళ్ళ సీసా అడక్కుండానే తీసుకుని తాగింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను.

తిరుగు పడవలో కూడా ఆమె నా పక్కనే కూర్చుంది కానీ మాట్లాడలేదు. నా భుజానికి ఆనుకుని కునుకు తీసింది. ఆమె తలలో కొబ్బరినూనె వాసన. ఒక మనిషి బరువు నా మీద ఆని ఎన్నాళ్ళయిందో అనుకుంటూ, ఆమె లేస్తుందేమోనని చెయ్యి కదపకుండా కూర్చున్నాను.

రేవు దగ్గర జీపు సిద్ధంగా ఉంది. "మా ఊరికి రా బిడ్డా" అంది ఆమె.

"వస్తానమ్మా."

"మామిడికాయలప్పుడు రా."

జీపు దాకా వెళ్ళాను. వాళ్ళు ఎక్కుతుంటే కింద నిలబడ్డాను. బయలుదేరేటప్పుడు ఆమె ఇటు తిరుగుతుంది, చెయ్యి ఊపాలి అనుకున్నాను. కానీ వాళ్ళ పిల్లల్లో ఒకతి చెప్పు ఒకటి ఇసుకలో పోగొట్టుకుని వచ్చింది. ఆమె దాన్ని తిడుతూ ఉంది, కోడలు ఆమెకు జవాబిస్తూ ఉంది. జీపు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. ఆమె ఇటు చూడలేదు. తప్పేమీ లేదు. ఆమెకు అది పిల్లలతో, చెప్పులతో, సామానుతో నిండిన ఒక రోజు. దాంట్లో నేను ఒక గంట. నాకే ఆ గంట ఆ రోజంతా అయింది. ఊరి పేరు ఆమె చెప్పింది, నేను రెండుసార్లు అడిగాను కూడా, మోటారు చప్పుడులో సరిగా అందలేదు. తర్వాత అడగొచ్చనుకున్నాను. తన పేరు అడగాలని నాకు తోచనేలేదు.

బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. వాగు దగ్గరికి వెళ్ళాను. అమ్మవారు చీర ఆరేసుకుందని చెప్పే బండలు అక్కడే ఉన్నాయి, వాటి మీద చారలు చూపిస్తారు. ఎర్రటివి, పసుపువి రాళ్ళు నీళ్ళల్లో మెరుస్తున్నాయి. యాత్రికులు అవి అమ్మవారి కుంకుమ, పసుపు అంటూ ఒక్కొక్క రాయి తీసి నుదుట రుద్దుకుంటున్నారు. నేను కాళ్ళు నీళ్ళల్లో పెట్టి కూర్చున్నాను. నీళ్ళు చల్లగా, పాదాలు జివ్వుమనేలా ఉన్నాయి. పొద్దున ఈ ఊరంతా చూడాలని బయలుదేరాను. ఇప్పుడు ఏం చూస్తున్నా ఆ జీపు ఎంతవరకు పోయి ఉంటుందా అనే ఆలోచన. పొద్దున నాకున్న ఒంటరితనం అలవాటైనది, చెప్పుల్లాంటిది. ఇప్పుడున్నది కొత్తది, కరుస్తోంది.

బస్సు ఆగే చోట ఒక అడవి గూడెం ఆమె చీపురుకట్టలతో కూర్చుని ఉంది. కొన్ని అమ్ముడుపోయినట్టున్నాయి, మిగిలినవి తాడుతో బిగిస్తోంది. నేను పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూసి కొంచెం జరిగింది, అంతే. తాడు ఒక కొన జారిపోతే పట్టుకుని అందించాను. తీసుకుంది. ఆమెకు తెలుగు ఎంత వచ్చో, నాతో మాట్లాడాలని ఉందో లేదో తెలియలేదు. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజంతా నేను ఎవరితో వచ్చానని అడగని మనిషి ఆమె ఒక్కతే. విచిత్రమేమిటంటే, పొద్దుటి నుంచి ఆ ప్రశ్నను తప్పించుకు తిరిగినదాన్ని, అప్పుడు ఆమె అడిగితే బాగుండునని ఎదురుచూశాను. ఈసారి నిజమే చెప్దును. ఆమె అడగలేదు. బస్సు వచ్చింది. ఎక్కి, చీపుర్లను కాళ్ళ దగ్గర పెట్టుకుని, రెండు గూడేలు దాటాక దిగిపోయింది.

భద్రాచలం చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. బస్టాండు ఎదురుగా ఎస్‌టీడీ బూత్ కనిపిస్తే తమ్ముడి ఇంటికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది.

"ఏం వదినా, బాగుండావా? ఏమైనా పనుండి చేసినావా?"

"ఏం లేదమ్మా. ఈరోజు భద్రాచలం, పర్ణశాల చూసొచ్చినా."

"అవునా! ఎవరితో?"

"ఒక్కదాన్నే."

ఆమె టీవీ చప్పుడు తగ్గించి, "మాకు చెప్పి ఉంటే మేమూ వచ్చేవాళ్ళం కదా వదినా" అంది. ఆ మాటలో ఎంత నిజముందో ఇద్దరికీ తెలుసు, అయినా అంది, మంచిదే అనుకున్నాను.

"పడవెక్కినా" అన్నాను.

"పడవా? భయం కాలేదా?"

"కాలేదు. నీళ్ళు ఎన్నుండాయో చూస్తే నమ్మవు. మన ఏరట్లాంటివి పది పడతాయి దాంట్లో." పొద్దున వంతెన మీద గొంతులో ఆగిన మాట అప్పుడు బయటికొచ్చింది. ఆమె "అబ్బా" అంది. పిల్లవాడెవడో పిలిస్తే, "ఉంటా వదినా, మీ తమ్ముడొస్తే చెప్తా" అని పెట్టేసింది.

ఆ తర్వాత నేను బూర్గంపాడులో ఇంకొన్నేళ్ళు ఉన్నాను. మామిడికాయల కాలం వచ్చినప్పుడల్లా సత్తుపల్లి వైపు వెళ్ళే బస్సుల బోర్డులు చదివేదాన్ని, వాటి మీద ఉన్న ఏ పేరైనా ఆమె చెప్పినట్టు వినిపిస్తుందేమోనని. ఏదీ వినిపించలేదు. ఒక ఏడు నిజంగానే సత్తుపల్లి దాకా వెళ్ళి, బస్టాండులో దిగి, ఎవరిని ఏమని అడగాలో తెలియక కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఆ పక్క పొలాలు కొన్ని గనుల్లోకి పోయాయని తర్వాత విన్నాను. వాళ్ళది పోయిందో లేదో తెలియదు.

ఒంటరితనం పోయిందని చెప్పను. దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి చూడటం కంటే బయట తిప్పడం నయమని మాత్రం తెలిసింది. నెలకో ఆదివారం బయలుదేరేదాన్ని. కిన్నెరసాని దగ్గర జింకల్ని చూశాను, పాల్వంచ సంతలో తిరిగాను, ఎండాకాలం గూడేల్లో ఇప్పపువ్వు ఎండబెట్టిన వాకిళ్ళ పక్క నుంచి నడిచాను. ఒకసారి కిన్నెరసాని కట్ట మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం విప్పాను. పక్కన ఒక కొత్త జంట ఫోటోలు తీసుకుంటూ, "ఒక్కటి తీస్తరా మేడం" అని కెమెరా నా చేతికిచ్చారు. తీశాను. ఇద్దరూ బాగా వచ్చారనుకుంటాను. వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన చిత్రాన్నం తిన్నాను. ఆ రోజు ఉప్పు కొంచెం తక్కువైంది.